నాన్న ప్లేట్లకు కొత్త ముల్లు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండేది. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. చప్పుడు వచ్చిందంటే దాని వెనక కదిలే వస్తువు ఒకటి ఉండి తీరాలని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. ఇప్పటికీ పిల్లలకు అదే చెబుతున్నాను. కాకపోతే ఆ మాట అనేటప్పుడు మునుపటి ధీమా ఉండటం లేదు.

మా నాన్నకు కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో మైక్ సెట్ ఉండేది. పెళ్ళిళ్ళకు, నాటకాలకు అద్దెకు తీసుకెళ్ళి, తనే దగ్గరుండి రికార్డులు వేసేవారు. తొంభైల మొదట్లో పోయారు. అమ్మ గుణదలలో మా ఇంటికి వచ్చేసింది. ఆవిడతో పాటు నాన్న రికార్డులు తిప్పే టర్న్‌టేబులూ, ఒక ట్రంకుపెట్టె నిండా పాటల ప్లేట్లూ వచ్చి అటకెక్కాయి.

సీడీలు వచ్చి క్యాసెట్లను కూడా మూలన పడేసిన రోజుల్లో, ఒకనాడు అన్నం తింటూ తింటూ అమ్మ చెయ్యి ఆపేసింది.

"మీ నాన్న కళ్ళ ముందు కనపడతారు. నోరు కదులుద్ది. గొంతు మాత్రం రావట్లేదురా. ఎంత గుర్తు చేసుకున్నా రావట్లేదు."

ముప్పై ఏళ్ళు మైకులతో బతికిన మనిషి గొంతు ఒక్క టేపులోనూ లేదు. ఊళ్ళో అందరి గొంతులూ పెద్దవి చేశారు గానీ తనది ఎక్కడా దాచుకోలేదు. పోనీ, ఆయన వేసిన ప్లేట్లయినా శుభ్రంగా వినిపిస్తే వాటి వెంట అమ్మకు ఆ గొంతు గుర్తొస్తుందేమోనని ఆశ పుట్టింది. అటక మీది పెట్టె దింపాను.

తీరా వేసి చూస్తే పాట కంటే గరగరే ఎక్కువ. గవర్నరుపేటలో పాత రేడియోలు బాగుచేసే సుబ్బారావు గారి దగ్గరికి టర్న్‌టేబులు మోసుకెళ్ళాను. ఆయన చూడగానే నవ్వేశారు. ప్లేటు మీద ఆనే ముల్లును మోసే కడ్డీ మీద నాన్న ఒక పావలా బిళ్ళ పెట్టి టేపు అంటించారు. పందిట్లో జనం అటూ ఇటూ తిరుగుతుంటే ముల్లు ఎగిరిపడకుండా మైక్ సెట్ వాళ్ళు చేసే పనే అది.

"ముందా బిళ్ళ పీకెయ్యండి మాస్టారూ. ఆ బరువుకి ముల్లు ప్లేటుని దున్నేస్తందండీ," అన్నారు.

పీకేశాం. కొత్త ముల్లు మద్రాసు నుంచి తెప్పించారు. బెల్టు మార్చారు. ముల్లు నుంచి వచ్చే సన్నటి ధ్వనిని పెంచే చిన్న పెట్టె ఒకటి మధ్యలో తగిలించారు. ఇంటికొచ్చాక నేను బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టి, పైన గ్లాసుతో నీళ్ళు పెట్టి చూసుకుంటూ గంటసేపు సమం చేశాను. మా ఆవిడ సుజాత, శంకుస్థాపన ఎన్నింటికని ఎగతాళి చేసింది.

ఆదివారం పొద్దున పది గంటలకు సన్నాయి ప్లేటు వేశాను. అబ్బ, ఏం వచ్చింది! డోలు మీద వేళ్ళు పడటం కూడా విడిగా తెలుస్తోంది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మొదటి కీర్తన అయ్యాక రెండోది మొదలయ్యే లోపు కాస్త ఖాళీ ఉంటుంది కదా, అక్కడ ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత, పక్కనే నిలబడి అన్నట్టుగా రెండు మాటలు.

"నువ్వు తినెయ్. నాకు లేటవుద్ది."

అది నాన్న గొంతు. సుజాత వంటింట్లోంచి వచ్చి, ఎవరండీ మాట్లాడింది అని అడిగింది. నాన్న పోయాకే మా పెళ్ళయింది. ఆయన గొంతు తనకు తెలియనే తెలియదు. ఏం వినిపించిందని అడిగితే అవే మాటలు చెప్పింది.

ముల్లు ఎత్తి మళ్ళీ పెట్టాను. అదే చోట అవే మాటలు. వైర్లలోంచి రేడియో ఏదైనా దూరుతోందేమోనని ఇంట్లో మిగతా ప్లగ్గులన్నీ పీకాను. పక్కింట్లో టీవీ ఏమోనని వెళ్ళి చూస్తే తాళం వేసి ఉంది. మూడోసారీ వచ్చింది. ప్లేటు మీద ధ్వనిని దాచే గీత తయారైనప్పుడే పడుతుంది. తర్వాత అరగడమే గానీ కొత్తగా ఏదీ ఎక్కదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు.

అమ్మను తడిచేతులతోనే లాక్కొచ్చి స్పీకరు ముందు కూర్చోబెట్టాను. ఏమీ చెప్పలేదు. ముల్లు పెట్టాను. గొంతు వచ్చింది. నేను విన్నాను, సుజాత విని నా చెయ్యి పట్టుకుంది. అమ్మ మాత్రం పాట ఎప్పుడొస్తుందా అన్నట్టు కూర్చుంది. వీధి చివర కూరగాయలమ్మి కేక పెరట్లోంచి వినే మనిషి ఆవిడ. ఇంకోసారి వేస్తే, ఏముందిరా గాలి చప్పుడేగా అంది.

ఇక దాచలేక నాన్న మాట్లాడారని చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. స్పీకరు మీద చెయ్యి వేసి, ఏమన్నారని అడిగింది. చెప్పాను. అలా కాదు, ఆయన ఎలా అన్నారో అలా అనమంది. నాకు మిమిక్రీ రాదు. విన్నది విన్నట్టు అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. "ఆ, అదే. మీ నాన్నే," అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

సెట్టు తీసుకుని పెళ్ళికి బయల్దేరిన ప్రతిసారీ గుమ్మం దిగుతూ ఆ మాట అనేవారట. ఆవిడ ఏనాడూ ముందు తినలేదట. ఆ వేళకు నేను బడిలో ఉండేవాణ్ణి. ఈ సంగతి నాకు అంతవరకూ తెలియదు.

ఆ తర్వాత ఆ ప్లేటులో గొంతు లేదు. సాయంత్రం వేశాను, మర్నాడు పొద్దున్నే సుబ్బారావు గారి దగ్గర వేశాను. ఆ చోట ఉత్త గాలి చప్పుడే. పాత ముల్లు తగలని చోట కొత్త ముల్లు తగులుతుంది కాబట్టి ఎన్నడూ వినని చప్పుళ్ళు వినిపిస్తాయని ఆయన అన్నారు. అది నాకూ తెలుసు. ఆ చప్పుళ్ళు సన్నాయి వాళ్ళవి కావాలి గానీ మా నాన్నవెలా అవుతాయి? నా భ్రమే అనుకుందామంటే సుజాత కూడా వింది. నాన్నే వచ్చారనుకుందామంటే, వినాలని అల్లాడిన మనిషిని వదిలేసి మాకెందుకు వినిపించడం? ఇక్కడికొచ్చేసరికి నా బుర్ర పనిచెయ్యదు. ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఆ సోమవారం మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ అన్నం ముట్టకుండా కంచం ముందు కూర్చుని ఉంది. నాన్న మాట ఇంకొక్కసారి అనమంది. గొంతు సవరించుకుని, అంతే మెల్లగా, అదే పలుకుతో అన్నాను. అమ్మ నా నోటి వంకే చూస్తూ విని, తల అడ్డంగా ఊపింది.

"ఇది నీ గొంతురా," అంది.