లా పాజ్ నుంచి తెచ్చిన పిలుపు

మా బుల్లియ్య చిన్నాన్న మెక్సికో చూసొచ్చాడంటే యాంగోన్ నగరంలోని మా పేట పజుండౌంగ్‌లో ఇప్పటికీ సగం మంది నమ్మరు. నమ్మకపోతే పోనీ. వాళ్లలో చాలామంది మింగళాడోన్ విమానాశ్రయం దాటి ఎరగరు.

ఆయన వంటవాడు. ఓ ముసలి దొర తెరచాపల యాట్‌లో వండిపెడుతూ సముద్రాలు దాటాడు. బయల్దేరేముందు వెంకమ్మ పిన్ని ఒక్కటే అంది. “ఎల్లు. తిరిగొచ్చినా నాను పలకను.” అన్నంత పనీ చేసింది. ఆయన ఫోను చేస్తే ఎత్తేది, గొంతు వినేది, పెట్టేసేది.

మెక్సికోలో లా పాజ్ అనే ఊళ్లో లంగరు వేశాక దొరకి మరి కదలబుద్ధి కాలేదు. “నువ్వూ ఇక్కడే ఉండిపో” అన్నాడు. ఆ ఊరు అలాంటిదట. గాలికి కూడా తొందర లేదు. పొద్దున్నే చూస్తే యాట్ నీళ్లమీద ఉందో గాల్లో ఉందో తెలీదు. గూడబాతులు పక్కకొచ్చి కునుకు తీస్తాయి. సూర్యుడు సముద్రంలోకి దిగే వేళకి ఊరంతా గట్టుమీదికొచ్చి ఊరికే నడుస్తుంది. పలకని పెళ్లాం దగ్గరికి పోయి ఏం చెయ్యాలి అనుకున్నాడు చిన్నాన్న.

ఆ గట్టుమీద ఒక కాఫీకొట్టు. దొరతో వెళ్లి కూర్చుని, అలవాటుగా పెదాలు బిగించి ముద్దు చప్పుడు చేశాడు. మన యాంగోన్ టీకొట్లలో టీ అందించే కుర్రాణ్ణి అలాగే కదా పిలుస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ మాత్రం అందరూ మాటలు ఆపేశారు. కొట్టు నడిపే పెద్దావిడ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. దొర ఏదో సర్దిచెప్పాడు. ఆవిడ తిట్టలేదు. తన గుండెమీద వేలు పెట్టుకుని “గ్రేసియేలా” అంది. అదే వేలు ఆయనవైపు తిప్పింది.

“బుల్లియ్య” అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

మర్నాటి నుంచీ దూరాన కనబడితే చాలు, “బులియా!” అని గట్టంతా వినబడేలా పిలిచేది. యాట్‌లో అందరికీ ఆయన పేరులేని వంటవాడే. ఆ పిలుపు వింటే ఒళ్లు తేలిపోయేదట.

అలా తేలుతూ ఉన్నప్పుడే పిన్ని గుర్తొచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ ఆమెను పిలిచింది ఆ ముద్దు చప్పుడుతోనే. టీ కావాలన్నా అదే, చొక్కా కావాలన్నా అదే. మా ఇళ్లలో మొగుడు పెళ్లాన్ని పేరుపెట్టి పిలవడం నేనూ ఎరగను. చిన్నాన్నకి ఏడుపొచ్చింది. దొరకి చెప్పేసి ఇంటికి బయల్దేరాడు.

ఆయనొచ్చిన పూట నేను అక్కడే ఉన్నాను. పిన్ని గుమ్మానికి వీపుపెట్టి పులుసు కలుపుతోంది. కింద మెట్ల దగ్గర్నుంచి “వెంకమ్మా!” అని వినబడింది. పిన్ని తిరగలేదు. మళ్లీ పిలిచాడు. ఇంత పంతమా అని నాకు ఒళ్లు మండింది. మూడోసారీ పిలిచాడు.

పిన్ని గరిటె ఆపింది.

“గొంతు మీ సిన్నాన్నదిలాగుంది. ఎవుల్ని పిలస్తన్నాడే?”

“నిన్నే పిన్నీ.”

“నన్నేటి?” అంది. గరిటె పులుసులోనే వదిలేసి, పమిట సర్దుకుంటూ గుమ్మంలోకి పరిగెత్తింది.

“వస్తన్నాను!”