మంచం కోడు కింద చెక్క

ముడుల మామకి చేపలంటే ఏమంత గౌరవం లేదు. మనుషులంటే అంతకన్నా లేదు. అతను నెత్తిన పెట్టుకున్నది వలని ఒక్కదాన్నే. ఆ రేవులో నీళ్ల మీదికి వెళ్లే పడవల్లో చాలావాటిలో అతను అల్లిన వలలే ఉండేవి. చిరిగిన వలని భుజాన వేసుకుని వచ్చినవాళ్లు అతని గుమ్మం ముందు నిలబడి ముందు తిట్లు తినేవాళ్లు, తర్వాత వల బాగు చేయించుకునేవాళ్లు.

"ఇదెలా చిరిగిందిరా? చేప చింపిందా, నీ పెళ్లాం చింపిందా?" అని అడిగేవాడు మామ. జవాబు కోసం ఆగేవాడు కాదు.

వీధిలోకి తెరుచుకునే ముందు గదే అతని పని గది. గోడకి ఒక లావుపాటి మేకు, ఆ మేకుకి వల కొస, దాని ఎదురుగా కాళ్లు అరిగిన స్టూలు. కుడిచేతిలో దారం నింపిన సూది, ఎడమచేతి వేళ్ల మధ్య కొలచెక్క. దారాన్ని ఆ చెక్క చుట్టూ తిప్పి ముడి వేస్తే వలకి ఒక కన్ను తయారవుతుంది. చెక్క ఎంత వెడల్పుంటే కన్ను అంత. ఎదిగిన చేప అందులో మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది, పిల్లచేప తోక ఊపుకుంటూ అవతలికి పోతుంది. పిల్లచేపల్ని పట్టకూడదని చట్టం కూడా ఉంది.

"చట్టం పుట్టకముందే మా అమ్మ చెప్పిందీ మాట," అనేవాడు మామ. "చట్టం మా అమ్మని అడిగి రాసుకుంది."

ఆ కొలచెక్క వాళ్లమ్మ ఇచ్చిందే. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ఒకే కొయ్యలోంచి రెండు కోయించి ఇచ్చింది. మామ మొదటిదాన్ని పోగొట్టనే లేదు. రెండోదాన్ని పెళ్లయిన కొత్తలోనే అతని భార్య కుంటి మంచం కోడు కింద తోసేసింది. "నువ్వెప్పుడో పోగొట్టుకుంటావని దాన్ని దాచుకోవాలా? ఇక్కడ నేను ఒత్తిగిల్లితే చాలు మంచం ఉయ్యాలవుతోంది," అంది. అప్పటినుంచీ అది అక్కడే ఉంది.

మామ చేతిలో ఉన్న చెక్క మాత్రం ఏళ్ల తరబడి దారం తిరిగి తిరిగి, అద్దంలా నున్నబడింది. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించేవాడు. "ముట్టుకుని చూడరా. వెన్న! అచ్చం వెన్న!" అనేవాడు. తన బుగ్గని ఏనాడూ ఆ మాట అన్న పాపాన పోలేదని లోపలి గదిలోంచి భార్య అందరికీ వినపడేలా అనేది.

వల కాకుండా మరే పద్ధతిలో చేపలు పట్టినా మామకి నవ్వులాటే. బుట్ట కట్టి సాయంత్రం నీళ్లలో వదిలి పొద్దున తీసుకునేవాళ్లని చూసి, "అది వేటా? గుమ్మంలో పాలప్యాకెట్ తెచ్చుకోవడం," అనేవాడు. గాలం వేసేవాళ్ల గురించి అడిగితే, "బెంచీ మీద కునికేవాడికీ వాడికీ ఒక కర్రే తేడా," అనేవాడు. నీళ్లలో కరెంటు పెట్టేవాళ్ల గురించీ, మందు కలిపేవాళ్ల గురించీ మాత్రం జోకులు వేసేవాడు కాదు. వాళ్లు వీధిలో కనపడితే తలుపు వేసేసేవాడు.

గాలం మాట వచ్చినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా తగిలేది అతని బావమరిదికే. ఒకప్పుడు ఆ బావమరిది ఎక్కడో చవగ్గా దొరికిందని సన్న కన్నుల వల కొనుక్కొచ్చాడు. టీకొట్టు ముందు అందరూ ఉండగా మామ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. "దోమతెర తెచ్చావేంట్రా? లోపల చేపల్ని దోమలు కుడుతున్నాయా?" అన్నాడు. అంతే, ఆ రోజునుంచీ బావమరిది పేరు దోమతెర అయిపోయింది. పాపం, ఆ వలని కాల్చేశాడు, గాలం పట్టుకుని ఒడ్డున ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టాడు. పేరు మాత్రం పోలేదు.

ఈమధ్య కొన్నేళ్లుగా మామ వలల్లో చిన్న చేపలు ఎక్కువగా పడుతున్నాయి. తెచ్చి చూపిస్తే మామ చేపల్నే తిట్టాడు. "ఈ కాలం చేపలకి ఎదగాలన్న బుద్ధే లేదు. తిండి, నిద్ర, ఈత. మా రోజుల్లో చేపలు ఇలా ఉండేవా?" అన్నాడు. వాటిని వదిలెయ్యమని కూడా చెప్పేవాడనుకోండి. కానీ మొప్పలు తెగిన చేపని వదిలితే అది ఎంత దూరం పోతుంది?

చేపలు గుడ్లు పెట్టే నెలల్లో వేట ఆపేస్తారు. మళ్లీ మొదలయ్యే రోజు పొద్దున, ప్రతి వలకీ చేపల శాఖ ఆఫీసు రేకు బిళ్ల కట్టాలి. బిళ్ల లేని వల నీళ్లలోకి దిగకూడదు. పాత ఆఫీసరు టీకొట్టు బెంచీ మీదినుంచి లేవకుండానే, "ముడుల మామ వలేగా? కట్టెయ్," అనేవాడు. ఆయన బదిలీ అయిపోయాడు. ఈసారి వచ్చింది కొత్త ఆఫీసరమ్మ. మెడలో కళ్లజోడుతోపాటు ఒక లోహపు పలక కూడా వేలాడుతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగింది. ఆ పలక వల కన్నులోంచి దూరితే బిళ్ల, దూరకపోతే వల రద్దు.

వరసలో అందరికన్నా ముందు మామ నిలబడ్డాడు. పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు. ఆఫీసరమ్మ వల తడిపి, ఒక కన్ను సాగదీసి పలక పెట్టింది. దూరలేదు. ఇంకో కన్నులో పెట్టింది. దూరలేదు. వలకి ఆ చివర పెట్టి చూసింది.

"చిన్నది పెద్దాయనా. కట్టడం కుదరదు," అంది.

"చిన్నదా?" మామ చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. "అమ్మా, వల బాగానే ఉంది. మీ పలకే ఆఫీసులో కూర్చుని కూర్చుని లావెక్కింది."

కొందరు నవ్వారు. ఆఫీసరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. వెనకున్న వల తీసి పలక పెట్టింది. అది కూడా మామ అల్లిందే. దూరలేదు. దాని వెనకది కూడా అంతే. వరసలో నవ్వులు ఆగిపోయాయి. పడవలు ఒడ్డునే ఉన్నాయి, మంచు పెట్టెలు నిండి ఉన్నాయి, చేపలు కొనేవాళ్లు గట్టు మీద ఎదురు చూస్తున్నారు. అందరి చేతుల్లో ఉన్నదీ ఒకే మనిషి వల.

"మామా, ఏంటిది?" అన్నాడు ఒకడు. "మా కొంప ముంచావా?"

ఊళ్లో అందరినీ వెక్కిరించడానికి మామకున్న హక్కంతా ఆ ఒక్క వలలోంచే వచ్చింది. అది పోతే అతను వట్టి నోటి దురుసు మనిషి.

"నా చెక్క తప్పు చెప్పదు," అని అరిచాడు. జేబులోంచి కొలచెక్క తీసి పైకెత్తాడు. "మా అమ్మ కోయించింది. దీని జోడు ఇంట్లో మంచం కింద ఉంది. తెప్పిస్తాను, రెండూ పెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది ఎవరిది తప్పో!"

కబురు వెళ్లింది. మామ భార్య కొంగు బిగించుకుని, చెక్కని పప్పుగరిటెలా పట్టుకుని వచ్చింది. "మంచం ఒక పక్కకి ఒరిగిపోయింది, తొందరగా కానివ్వండి," అంది.

ఆఫీసరమ్మ మంచం కింది చెక్కని తన పలక మీద పెట్టింది. అంచుకి అంచు సరిపోయింది. మామ మొహం వెలిగింది. "చూశారా!" అన్నాడు.

తర్వాత మామ చేతిలోని చెక్కని తీసుకుని దాని పక్కన పెట్టింది. అది గోరు మందం తక్కువుంది.

మామ రెండు చెక్కలూ తీసుకుని బొటనవేలితో అంచులు తడిమాడు. ఒకటి గరుగ్గా ఉంది, రంపం గుర్తులు కూడా పోలేదు. రెండోది నున్నగా, తన వేలికి అలవాటైన నునుపుతో ఉంది. నైలాన్ దారం ఇన్నేళ్లూ దాన్ని రోజూ కొంచెం కొంచెం తినేసింది.

"వెన్న అన్నావుగా," అంది భార్య. "కరిగింది."

ఈసారి నవ్వులు గట్టిగానే లేచాయి. గట్టు మీద గాలం పట్టుకుని కూర్చున్న బావమరిది లేచి ఇటే వస్తున్నాడు. ఇన్నాళ్లూ దాచుకున్న మాట ఒకటి అతని నోట్లో ఉంటుంది, ఇప్పుడు అంటాడు, అనాలి కూడా అనుకున్నాడు మామ. బావమరిది నోరు తెరిచేలోపే మామ ఆఫీసరమ్మ వైపు తిరిగి, "కత్తెర ఉందామ్మా?" అని అడిగాడు.

పై తాడు, తేలే బెండ్లు పక్కకి తీసి, తన వలని తనే అడ్డంగా కోశాడు. కోస్తున్నంతసేపూ మొప్పలు తెగిన పిల్లచేపలే కళ్లముందు మెదిలాయి. వాటిని ఎన్ని తిట్లు తిట్టాడో!

"అన్నీ నేనే మళ్లీ అల్లుతా," అన్నాడు తల ఎత్తకుండా. "దారం నాది. తిట్టేవాళ్లు వరసలో రండి."

వరసలోనే వచ్చారు. బాగానే తిట్టారు. అతని మాటలే అతనికి తిరిగి అప్పజెప్పారు.

చివరికి బావమరిది వంతు వచ్చింది.

"బావా, నా దగ్గర ఇంకో గాలం ఉంది," అన్నాడు. "పైగా బెంచీ మీద కునకడం నీకు వచ్చుగా. కర్ర నేనిస్తా."

అలా, వేట మొదలైన ఆ పొద్దున ముడుల మామ ఒడ్డున గాలం పట్టుకుని కూర్చున్నాడు. ఎర గుచ్చబోయి వేలికే గుచ్చుకున్నాడు. బావమరిది కడుపు పట్టుకుని నవ్వాడు. మామ బూతు ఒకటి తిట్టి, ఆ వెంటనే, "ఇంకోసారి చూపించరా, దోమ..." అంటూ ఆగిపోయాడు. "చూపించరా," అన్నాడు మళ్లీ.

మంచం కింది చెక్క ఇప్పుడు మామ చేతిలో ఉంది. అరిగిన చెక్క మంచం కిందికి వెళ్లింది. అది చాలక అట్టముక్క మడిచి పెట్టారు, అదీ చాల్లేదు.

"ఇంకా ఊగుతోంది!" అని లోపలినుంచి భార్య కేక.

"మంచం సరిగ్గానే ఉంది. నువ్వే లావెక్కావు!" అన్నాడు మామ, మేకుకి వేలాడుతున్న కొత్త వలలో ముడి బిగిస్తూ.

లోపలి గుమ్మంలోంచి చెప్పు ఎగిరొచ్చింది. మామకి తగల్లేదు. కొత్త వల కన్నులో ముందు కొస దగ్గర ఇరుక్కుని వేలాడింది. మామ ఆ కన్నుని సాగదీసి, చెప్పుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పట్టొచ్చు," అన్నాడు. "ఎదిగిందే."