తాళం తీసినా ఆగని బండి

ఒట్టు వేయమంటే వేయలేను. వేయడానికి నాకు దేవుడు లేడు. పిల్లల నెత్తిన చెయ్యిపెట్టి ప్రమాణం చేయడం అనాగరికమని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. కాబట్టి ఒకటే చెబుతాను. ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి నేను తాగి లేను. జ్వరం లేదు. నిద్రమత్తు లేదు. మీరు అడగబోయే ప్రశ్నలన్నీ నన్ను నేను ఎప్పుడో అడిగేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ముక్తేశ్వరం నుంచి అమలాపురం కాలేజీకి స్కూటరు మీద తిరిగి తిరిగి నా నడుం పోయింది. కారు కొనాలి. కొత్తది కొనే తాహతు లేదు. అప్పుడు జోసెఫ్ మాస్టారు కబురు తెచ్చేరు. ఆయనా నేనూ ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. ఆదివారం చర్చికి వెళ్తారు, మిగతా వారమంతా నాతో వాదిస్తారు.

"రాజోలులో టర్బో డీజిల్ కారొకటి ఉందండి. ఇంజన్ పని ఉందట గానీ బాగా చవగ్గా ఇచ్చేస్తున్నారు. ఎందుకో మాత్రం అడక్కండి."

"ఎందుకు?"

"అందులో దయ్యం ఉందటండి. మీకైతే ఆ భాగం ఉచితం కదా."

ఆ కారు వెంకట్రావుగారిది. రొయ్యల చెరువులు బాగా పండిన రోజుల్లో ముచ్చటపడి కొన్నారు. తర్వాత రొయ్యలకి తెగులొచ్చింది. ఒక రాత్రి అమలాపురం నుంచి ఇంటికి వస్తూ, గన్నవరం దగ్గర కాలవగట్టు మీద బండి ఆపుకున్నారు. అక్కడే గుండె ఆగిపోయింది. తెల్లారి జనం చూసేసరికి సీట్లో కూర్చునే ఉన్నారు. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఎవరో చెయ్యిపెట్టి తాళం తీసేరు.

ఇంజన్ ఆగలేదు...

అంతే. ఆ ఒక్క మాట ఊళ్లన్నీ తిరిగింది. తాళం తీసినా వెంకట్రావుగారు బండి దిగలేదన్నారు. ఆ కారు ముట్టుకోవడానికి ఒక్కడూ రాలేదు. చదువుకున్నవాళ్లూ రాలేదు. సైన్సు చెప్పే మేష్టర్లూ రాలేదు. నాకు ఒళ్లు మండింది. ఇలాంటి పిరికితనం మీద వ్యాసాలు రాసి రాసి నా వేళ్లు అరిగిపోయాయి. ఆ మంటతోనే కొనడానికి వెళ్లాను. చవకన్న సంగతి గుర్తులేదని మాత్రం అనను.

నాతో జోసెఫ్‌గారొచ్చేరు. అమలాపురం నుంచి మెకానిక్కు బాబ్జీని తీసుకెళ్లాం. బాబ్జీ బానెట్ ఎత్తి, ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం ఊడదీసి, లోపల వేలు పెట్టి తీసేడు. వేలంతా నల్లటి నూనె.

"టర్బో సీలు పోయిందండి," అన్నాడు గొంతు తగ్గించి. "గాలి ఊదే పంకా కాదాండీ టర్బో. దాని సీలు పోతే నూనె కారి గాలితోపాటు ఇంజన్‌లోకి పోతాదండి. తాళం తీస్తే డీజిల్ ఆగుద్ది. నూనె ఆగదు కదండీ. అది తాగి బండి తిరుగుతానే ఉంటాది."

"దయ్యం అంటే ఇదేనా?"

"ఇదేనండి. సీలు మారిస్తే బంగారంలాంటి బండండి."

ఎగిరి గంతేయాలనిపించింది. రాజోలంతా ఏడాదిపాటు వణికిన రహస్యం ఒక సీలు.

అప్పుడే సత్యవతిగారు కాఫీలు పట్టుకుని అరుగు మీదికొచ్చేరు. వెంకట్రావుగారి భార్య. కప్పులిచ్చి, వెళ్లకుండా స్తంభం పట్టుకుని నిలబడ్డారు.

"మాస్టారూ, ఒక్కమాట అడగనాండీ? మీరు పెద్ద పెద్ద సభల్లో మాట్లాడతారట. ఆయన ఇంకా అందులోనే ఉన్నారంటారా?"

జవాబు నా నాలిక చివర ఉంది. నూనె బాబ్జీ వేలికి ఇంకా ఉంది. చెబితే... ఏముంది, ఆవిడకి భయం పోతుంది. భయం పోతే బండి ఉంచుకుంటారు. లేదా ధర పెంచుతారు.

"ఏమోనండి," అన్నాను.

జోసెఫ్‌గారు కప్పు కింద పెట్టేరు. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

ఆవిడ తల ఊపి లోపలికెళ్లి తాళం తెచ్చేరు. రెండు చేతులతో ఇచ్చేరు. "ఆయన బాగా పొడుగండి. సీటు చివరంటా వెనక్కే ఉంటాది. మీరు ముందుకి జరుపుకోండి," అన్నారు. నేను పొట్టివాణ్ణి. పక్కనున్న మీట లేపి, ముందుకి జరిగి, సీటు టక్కుమని పట్టాక బయల్దేరాను.

తాటిపాక దాటాం. జోసెఫ్‌గారు అన్నారు, "మా చర్చిల్లోనూ దయ్యాలు వదిలించేవాళ్లున్నారండి. వాళ్లు కూడా దయ్యం పేరు చెప్పి కారు సంపాదించలేదు."

బాబ్జీ సీలు మార్చేడు. బండి నిజంగా బంగారమే. కానీ రాజోలు వెళ్లినప్పుడల్లా సత్యవతిగారు ఎక్కడో ఒకచోట ఎదురయ్యేవారు. దగ్గరికొచ్చి, హాస్టల్లో పెట్టిన పిల్లాడి గురించి అడిగినట్టు అడిగేవారు. "ఆయన మిమ్మల్ని ఇబ్బంది పెట్టట్లేదు కదాండీ?" నేను "బండి బాగుందండి," అనేవాణ్ణి. రాత్రిళ్లు ఆవిడ తలుపు గడియ పెట్టుకోరట. ఏ డీజిల్ బండి చప్పుడైనా లేచి గుమ్మంలోకొస్తారట. జోసెఫ్‌గారే చెప్పేరు.

ఇక ఆ రాత్రి...

రాజోలులో సభ. భూతవైద్యం మీద నా ఉపన్యాసం. ఆగని ఇంజన్ కథ, దాని వెనకున్న సీలు కథ... అదే నా ముగింపు. కంఠతా పట్టుకుని వెళ్లాను. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఆఖరి వరసలో సత్యవతిగారు కనిపించేరు. చెంగు భుజం మీదుగా కప్పుకుని, నా నోటివేపే చూస్తున్నారు. ఆ కథ మింగేశాను. ఇంకేదో చెప్పి ముగించాను. చప్పట్లు కొట్టేరు. ఆవిడ నా దగ్గరికి వచ్చేలోపు కారెక్కేశాను.

చలికాలం. గన్నవరం దాటేసరికి మంచు కమ్మేసింది. కాలవగట్టు రోడ్డు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొబ్బరితోటలు. లైటు వేస్తే ఎదురుగా తెల్లగుడ్డ కట్టినట్టుంది. అద్దం తుడుచుకుందామని బండి పక్కకి తీశాను. అదే చోటని ఆగేదాకా తట్టలేదు.

తాళం తిప్పాను.

ఇంజన్ ఆగలేదు.

తాళం బయటికి లాగాను. అరచేతిలో ఉంది. చల్లగా ఉంది. ఇంజన్ నడుస్తోంది... నెమ్మదిగా, నిలకడగా... ఎవరి కోసమో ఆగి ఉన్న బండిలా. సీలు మళ్లీ పోయింది, అనుకున్నాను. భయపడలేదు. నిజంగా భయపడలేదు. ఇలాంటప్పుడేం చేయాలో బాబ్జీ నేర్పేడు. గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేశాను.

బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చింది. ఆ కుదుపుకి నా సీటు జర్రున వెనక్కి జారింది. చివరంటా. కాళ్లు పెడల్స్ మీంచి లేచిపోయాయి.

నిశ్శబ్దం.

కాలవలో కప్పలు. పైన కొబ్బరాకుల మీంచి నీటిబొట్లు...

ఆ నిశ్శబ్దంలో సన్నగా ఒక ఈల. టర్బో తిరిగేటప్పుడు వస్తుందే, అది. ఇంజన్ ఆగాక ఒకటి రెండు క్షణాలు ఉంటుంది. తగ్గుతుంది. ఇది తగ్గలేదు. పెరగలేదు. డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టాను. అదురు లేదు. బండిలో ఏదీ కదలడం లేదు. ఈల మాత్రం ఉంది... దగ్గరగా... బానెట్ కింద నుంచి కాదు. నా వెనక నుంచీ కాదు. నేను కూర్చున్న చోటు నుంచే.

అప్పుడు నా నోటి నుంచి మాట వచ్చింది. అనాలని అనుకోలేదు.

"రేపు వెళ్లి ఆవిడకి చెప్పేస్తానండి."

ఈల ఆగింది.

ఎవరితో అన్నాను? తెలియదు. 'అండి' అని మాత్రం అన్నాను.

సీటు ముందుకి లాక్కుని, టక్కుమన్న చప్పుడు విని, తాళం పెట్టాను. బండి మామూలుగా కదిలింది. ఇంటికెళ్లి పడుకోలేదు. తెల్లవారుతూనే బాబ్జీని లేపాను. గొట్టం ఊడదీసి వేలు పెట్టేడు. వేలు పొడిగా వచ్చింది.

"చుక్క నూనె లేదండి. ఇది దానంతటది తిరిగే బండి కాదండి." నా మొహంలోకి చూసేడు. "మీరు నిజంగా తాళం తీసేరాండీ?"

నేరుగా రాజోలు వెళ్లాను. సత్యవతిగారు వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. నిలబడే చెప్పాను. సీలు, నూనె, బాబ్జీ వేలు, అన్నీ. ఆవిడ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

"అయితే ఆయన అందులో లేరాండీ?"

"లేరండి."

"ఆ రోజే తెలుసా మీకు?"

"తెలుసండి."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఇన్నాళ్లూ రాత్రిళ్లు నేను గడియ పెట్టుకోలేదండి," అన్నారు, అంతే. చేతిలో పిండి దులుపుకుని, "మరి ఇవాళ ఇంత పొద్దున్నే ఎందుకొచ్చేరండీ? రాత్రి ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదండి."

తెలిసిన రోజున ఏమో అన్నాను. తెలియని రోజున ఏమీ కాలేదన్నాను. రెండుసార్లూ ఆవిడ నన్ను నమ్మేరు.

నన్ను సాగనంపడానికి కారు దాకా వచ్చేరు. డ్రైవరు వైపు అద్దంలోంచి లోపలికి చూసేరు. చాలాసేపు చూసేరు.

"సీటు వెనక్కి జరుపుకుని తోలుతున్నారాండీ?"

నేను లోపలికి చూడలేదు.

"ఆయ్," అన్నాను.

ఆవిడ ముగ్గు మధ్యలో వదిలేసి ఇంట్లోకెళ్లేరు. తలుపు దగ్గరగా వేసేరు. గడియ పడుతుందని అక్కడే నిలబడ్డాను. చప్పుడు రాలేదు.

కారెక్కి కూర్చున్నాను. కాళ్లు అందలేదు.

సీటు కింది పళ్లు అరిగి ఉంటాయి. పాత బండి కదా, అరుగుతాయి. మళ్లీ ముందుకి లాక్కున్నాను. టక్కుమంది. గట్టిగానే పట్టింది...

ఏమోనండి.