పొగగొట్టంలో ఇనుప పీచు

భర్త పోయాక గ్లెనిస్ ఇల్లు అమ్మేసి, పడకా వంటగదీ ఉన్న పాత క్యాంపర్ వ్యానొకటి కొనుక్కుని, దక్షిణ ఆస్ట్రేలియాలో స్ట్రీకీ బే అనే ఊళ్లో, అలాంటి వ్యాన్లు నిలుపుకునే కారవాన్ పార్కులో ఉంటోంది. దాన్ని వేల కిలోమీటర్ల అవతల, ఉత్తరాన ఉన్న బ్రూమ్ ఊరి దాకా తోలుకుపోవాలని ఆమె కోరిక. చక్కెర జబ్బు మనిషి, ఇన్సులిన్ చల్లగా ఉండాలి. దారిలో కరెంటు దొరకని చోట్లే ఎక్కువ. అందుకని ప్రయాణమంతా వ్యాన్లో గ్యాసు మంటతో నడిచే ఫ్రిజ్ మీదే ఆధారపడి ఉంది.

ఆ ఫ్రిజ్‌ని పక్క వ్యాను డెస్ చూసేవాడు. పడవ ఇంజన్ల పని చేసి మానేసినవాడు. బర్నరు విప్పి మసి దులిపేవాడు. పనయ్యాక ఇద్దరూ చేపలు వేయించుకు తినేవారు. అయినా ఆమె బయల్దేరే వేళకి ఫ్రిజ్ మొరాయించేది. ఏటా అదే తంతు.

"ముసలిదైపోయింది గ్లెన్, నీలాగే," అనేవాడు డెస్.

"నోర్ముయ్. నీకంటే చిన్నదాన్నే!"

ఈసారి డెస్ నొచ్చుకుంటాడని అతనికి చెప్పకుండా, వ్యాను పోర్ట్ లింకన్ ఊరికి తోలుకెళ్లి, అక్కడ జోరాన్ అనే గ్యాసు మెకానిక్‌కి చూపించింది. మంట నీలంగా లేదు, పసుపుగా ఊగుతోంది. జోరాన్ ఫ్రిజ్ వెనక మూత తీసి పొగగొట్టంలోకి బ్రష్ దించాడు. మధ్యలో తట్టుకుంది. పట్టకారుతో లాగితే గిన్నెలు తోమే ఇనుప పీచు ముద్ద ఊడొచ్చింది.

"ఇది పురుగులు కట్టిన గూడు కాదమ్మా, మనిషి కుక్కింది. కిటికీలన్నీ మూసుకుని పడుకునుంటే, లోపల చేరే విషపు పొగకి మళ్లీ లేచేదానివి కాదు. దీన్నెవరు చూస్తారు?"

గ్లెనిస్ ఆ ముద్దని కాగితంలో చుట్టుకుంది. డెస్ తప్ప ఆ మూత ముట్టుకున్నవాళ్లు లేరు.

ఆమె తిరిగొచ్చేసరికి డెస్ చేపలు బాగుచేస్తున్నాడు. ఆ ముద్దని అతని ముందు పడేసింది.

"ఎందుకు చేశావు?"

అతను పొలుసులు గీకుతూనే అన్నాడు: "వెళ్తే మళ్లీ రావు, గ్లెన్."

"ఉండమని ఒక్కసారైనా అడిగావా?"

"అడిగితే ఉండేదానివా?"

"ఏమో! చచ్చిపోయేదాన్ని, డెస్!"

"కిటికీ తెరిచే పడుకుంటావుగా. రోజూ వచ్చి నిన్ను చూసి పోయేవాణ్ణి."

ప్రమాదమని తెలిసే చేశాడన్నమాట. అప్పటిదాకా ఏ మూలో మిగిలిన నమ్మకం కూడా ఆ మాటతో పోయింది. మర్నాడే బయల్దేరింది. ముందు పోర్ట్ లింకన్ వెళ్లి జోరాన్ దగ్గర పని నేర్చుకుని, ఫ్రిజ్ తానే చూసుకుంటూ బ్రూమ్ చేరింది.

డెస్ ఎన్నోసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి తీసింది.

"ఫ్రిజ్ బాగా పనిచేస్తోందా?" అన్నాడు.

ఆ ప్రశ్న అతని నోట వినేసరికి ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేసి, వ్యాను మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. వేయించిన చేప వాసనంటే ఆమెకిప్పటికీ పడదు.