ఏ బ్యారల్‌తో కొలిచారు?

1990 మే నెలలో కువైట్ సిటీ శివార్లలోని ఒక పరీక్షశాలలో, తూటాల విభాగానికి నన్ను సహాయక పరీక్షకుడిగా వేశారు. పిస్టల్ తూటాలు కొనబోయే సంస్థలకు, కేటలాగులో తయారీదారు చెప్పుకున్న గొప్పల్లో ఎంత నిజమో తేల్చి చెప్పడం మా పని. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కడపలో మా అమ్మ ఈ ఉద్యోగం సంగతి విని బెంగపెట్టుకుంది. తుపాకీకి ముందు కాదు, వెనక నిలబడతానని ఉత్తరం రాశాక స్థిమితపడింది.

ముఖ్య పరీక్షకుడు ఖాదర్ వలీ, రాయచోటి మనిషి. పేల్చేది ఆయన, రిజిస్టరు రాసేది నేను. ఒక్కో రకానికి పది తూటాలు. పిస్టల్ ముందు క్రోనోగ్రాఫ్ ఉంటుంది. తూటా రెండు కాంతి తెరలను ఎంతసేపట్లో దాటిందో చూసి వేగం చెప్పే పరికరం అది. దాని అవతల, మనిషి కండకు బదులుగా, చల్లబరిచిన జెలటిన్ దిమ్మ. కువైట్‌లో ఎవరూ జెలటిన్ లాగా బట్టల్లేకుండా తిరగరు కాబట్టి దిమ్మ ముందు అరబ్బులు తొడుక్కునే దిష్‌దాషా గుడ్డ కట్టేవాళ్ళం. తూటా ఎంత లోతు దిగిందో, మొన ఎంత విచ్చుకుందో దిమ్మ కోసి కొలిచేవాళ్ళం. జెలటిన్ డబ్బా మీద హలాల్ ముద్ర చూడనిదే ఖాదరన్న మూత తీసేవాడు కాదు.

"మనం తినేదా పాడా, అన్నా?" అన్నానొకసారి.

"ఈ చేత్తోనే గదరా అబ్బీ అన్నం తినేది" అన్నాడు.

జూలైలో ఒక కొత్త రకం వచ్చింది. పది తూటాలూ కేటలాగు చెప్పిన వేగానికి బాగా వెనకబడ్డాయి. నేను 'విశేషాలు' గడిలో "పచ్చి మోసం" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఖాదరన్న కళ్ళద్దాలు పెట్టుకుని కేటలాగు చివరి పేజీ అడుగున ఉన్న చీమ తలకాయలంత అక్షరాలు చూపించాడు. ఆ వేగం పొడవాటి గొట్టం, అంటే పరీక్ష బ్యారల్‌తో కొలిచిందట. బ్యారల్ ఎంత పొడవుంటే మందుకు తూటాను తోసే సమయం అంత ఎక్కువ. కాపలావాడి నడుముకుండే పిస్టల్‌కు అంత బ్యారల్ ఉండదు.

"వాడు అబద్దం చెప్పలా అబ్బీ. వాని బ్యారల్‌తో వాడు కొల్చుకున్యాడు. అంకె కనపడితే ముందు అడగాల్సింది, ఏ బ్యారల్‌తో కొల్చినావు అని."

ఎర్ర సిరాతో 'పచ్చి మోసం' కొట్టేసి 'తేడా' అని రాశాడు. నా రెండు గీతలు మాత్రం ఉంచాడు.

నివేదిక ఆగస్టు మొదటి వారంలో వెళ్ళాలి. రెండో తేదీన ఇరాక్ సైన్యం వచ్చింది. మా పరీక్షశాలకూ వచ్చింది. పిస్టళ్ళు, తూటాలు, క్రోనోగ్రాఫ్ పట్టుకెళ్ళారు. జెలటిన్ వాసన చూసి వదిలేశారు. కేటలాగు కూడా తీసుకెళ్ళారు. అందులోని అంకెలు నమ్మి ఉంటే మంచిదే అనుకున్నాను. రిజిస్టరు ఖాదరన్న చంకలో ఉండిపోయింది.

ఫింటాస్‌లో మేమిద్దరం ఉండే బిల్డింగులోనే, పై అంతస్తులో రూతు అనే ఆవిడ కాపురం. మూడు నెలల పసిబిడ్డ తల్లి. మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే ఆమె అక్క మరియమ్మ, 'మామా' అని పిలిచే యజమానురాలి కుటుంబం సెలవులకు విదేశాలకు వెళ్ళి ఉండటంతో, కుట్టు మిషనుతో సహా చెల్లెలి దగ్గరకు వచ్చేసింది. వాళ్ళది పాలకొల్లు. బిల్డింగు వాళ్ళం నలభై మందికి పైగా కలిసి, ఇండియా దారి పట్టడానికి జోర్డాన్ సరిహద్దు దాకా ఒక బస్సు మాట్లాడుకున్నాం. డ్రైవరు సలీం, హైదరాబాదీ.

"రెండు దినాలల్ల బార్డర్ కాడ దింపుత. మనిషికి ఒక్క డబ్బ నీళ్ళు సాలు. యల్లా, సామాన్ ఎక్కించుండ్రి" అన్నాడు సలీం.

ఐదు లీటర్ల డబ్బా. అందరి మొహాలూ వెలిగాయి. టీవీలు బస్సు మీదికి ఎక్కాయి. ఖాదరన్న నా వైపు చూశాడు.

"ఏ బ్యారల్‌తో కొలిచావన్నా?" అని సలీంను అడిగాను.

ఎండదెబ్బ తగిలిన వాణ్ణి చూసినట్టు చూశాడు. విడమరిచి అడిగితే చెప్పాడు. జనవరిలో వెళ్ళాడట. ఖాళీ బస్సు. తనూ, క్లీనరూ. ఏసీ పనిచేసేది. ఇప్పుడు ఆగస్టు, ఏసీ లేదు, బస్సు నిండా జనం.

మర్నాడు ఉదయం ఆగి ఉన్న బస్సులోనే పరీక్ష పెట్టాం. తలా ఒక డబ్బా, దాని మీద లీటరు గీతలు, నా చేతిలో రిజిస్టరు. నలుగురు మగవాళ్ళం ఎక్కి కూర్చున్నాక మరియమ్మ తలుపు దగ్గరకు వచ్చింది.

"ఏంటండీ బాబూ, నలుగురూ దున్నపోతుల్లా ఉన్నారు. పాలిచ్చే తల్లి ఎంత తాగుద్దో మీకెవరికి తెలుసండీ? మా చెల్లిని కూడా కూర్చోబెట్టండి."

ఖాదరన్న లేచి రూతుకు కిటికీ సీటు ఇచ్చాడు. మధ్యాహ్నం దుహర్ బాంగు వినబడేసరికి మా డబ్బాల్లో మూడో వంతు పైగా ఖాళీ. తాగిందీ, బిడ్డ ఒళ్ళు తడిపిందీ కలిపి రూతు డబ్బాలో అడుగు కనిపిస్తోంది. రెండు రోజుల డబ్బా ఆమెకు ఒక్క పూట నీళ్ళు.

"వీడు మనల్ని చంపేద్దామనుకున్నాడు" అన్నారెవరో సలీంను చూసి. నేను రిజిస్టరులో 'తేడా' అని రాసి చూపించాను.

బరువు పెరగకూడదు కాబట్టి, నీళ్ళు ఎక్కాలంటే సామాను దిగాలి. దారి రెట్టింపు రోజులు పట్టినా చాలాలని, మనిషికి నాలుగు డబ్బాలు, పసిపిల్ల తల్లికి ఎనిమిది అన్నాడు ఖాదరన్న. ఎవరూ కదల్లేదు. టీవీని వదలడమంటే మూడేళ్ళ కువైట్‌ను వదలడం. మొదట మరియమ్మ కుట్టు మిషను దింపింది.

"దాహమేస్తే దీన్ని తాగుతామా ఏంటండీ" అంది. చెయ్యి మాత్రం దాని మీద కాసేపు ఉంచింది.

తర్వాత నా టూ-ఇన్-వన్ దింపాను. అది త్యాగం అనుకోకండి, అందులో క్యాసెట్టు ఎప్పుడో ఇరుక్కుపోయింది. ఆ తర్వాత టీవీలు వరసగా దిగాయి. డబ్బాలను ఎండ తగలకుండా సీట్ల కింద సర్దింది సలీమే.

బాగ్దాద్ మీదుగా సరిహద్దు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. అక్కడ వరసలో ఇంకో రోజు. దిగేటప్పుడు ఖాదరన్న డబ్బాలు లెక్కపెట్టాడు. మూడు మిగిలాయి. పసిపిల్ల షికారుకు వచ్చినట్టు నిద్రపోతోంది.

"ఇది గూడ రాస్కో అన్న" అన్నాడు సలీం, మిగిలిన నీళ్ళతో మొహం కడుక్కుంటూ.

యుద్ధం ముగిశాక నేనూ ఖాదరన్నా మళ్ళీ అదే పరీక్షశాలలో చేరాం. మొదటి పని, ఆగిపోయిన నివేదిక పూర్తి చేయడం. కేటలాగు వేగం లేకపోయినా, పొట్టి బ్యారల్‌తోనే ఆ తూటా కావలసినంత లోతు దిగినట్టు రిజిస్టరులో ఉంది. పనికొస్తుందని రాశాం. తర్వాత ఇరవై ఏడేళ్ళు ఆ పనే చేసి రిటైరయ్యాను.

ప్రకటనల్లో అంకెలు చాలావరకు అబద్ధాలు కావు. వేరే బ్యారల్‌తో కొలిచినవి. కొనేవాడు తన బ్యారల్‌తో మళ్ళీ కొలుచుకోవాలి. కొలిచేటప్పుడు పాలిచ్చే తల్లిని కూడా కూర్చోబెట్టాలి.