మా బావ మాయమయ్యే అర నిమిషం

మొన్న ఉదయం రుషికొండ తీరాన నడకకి వెళ్లినప్పుడు, పాతికేళ్ల యువకుడొకడు ఉన్నట్టుండి ఇసకలో పడి గిలగిలా కొట్టుకున్నాడు. చుట్టూ మూగినవాళ్లు తాళాలు, తాళాలు అని అరుస్తూ నాలుగు బైకుల తాళాలు అతని గుప్పిట్లో కుక్కేశారు. నేను వాళ్లని జరగమని, అతన్ని ఒక పక్కకి ఒత్తిగిల్లించి, తల కింద తువ్వాలు మడిచి పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు, స్నేహితులు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఏ తాళం ఎవరిదో తేల్చుకోవడానికి మాత్రం మిగతావాళ్లకి పావుగంట పట్టింది. "ఏటి మాస్టారూ, మీరు డాక్టరా?" అని ఒకతను అడిగితే, కాదు బాబూ, మా బావకి బావమరిదినని చెప్పాను. అతనికి బోధపడలేదు గానీ, నా ఈడువాళ్లు కాబట్టి మీకు చెబితే బోధపడుతుంది.

నాకు పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చిన కొత్తలో అక్కావాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. బావ హార్బర్లో క్రేను నడిపేవాడు. మంచి మాటకారి. అయితే మాట మధ్యలో అప్పుడప్పుడూ టక్కున ఆగిపోయి, గోడకేసి చూస్తూ ఉండిపోయేవాడు. ఎంత పిలిచినా పలికేవాడు కాదు. అర నిమిషం తరవాత, ఏమీ జరగనట్టు, ఇంతకీ ఏం కూర అని అడిగేవాడు. అక్క దాన్ని పొగరనుకుంది. "నాను మాటాడతుంటే గోడకేసి సూత్తాడ్రా, నాకంటే ఆ గోడే ఎక్కువైపోనాది!" అని నా దగ్గర వాపోయేది. బావ లోలోపల క్రికెట్ స్కోరు లెక్కేసుకుంటున్నాడని నేననుకునేవాణ్ణి.

ఒక ఆదివారం సాయంత్రం బావ గ్లాసులోకి టీ వంచుకుంటూ అలాగే ఆగిపోయాడు. గ్లాసు నిండింది, పొర్లింది, పొగలు కక్కే టీ లుంగీ మీదికి కారింది, అయినా మనిషి ఉలకలేదు. నోట్లో ఏమీ లేకుండానే చప్పరిస్తూ, చొక్కా గుండీని వేళ్లతో పీకుతున్నాడు. పొగరుబోతైనా తొడ కాలితే అరుస్తాడు కదా! సరిగ్గా అప్పుడే నాకు క్రేను గుర్తొచ్చింది. అంత ఎత్తున, చేతిలో మీటలు, కింద మనుషులు.

చెబితే బావ నవ్వేశాడు. "నాకేటైందిరా? టీ ఒలికితే జబ్బా? నువ్వే ఏదో సినిమా సేత్తన్నావ్" అన్నాడు. అక్క వీధిలో నలుగురినీ సలహా అడిగింది. ఒకావిడ ఉల్లిపాయ వాసన చూపించమంది, ఒకావిడ దిష్టి తీయమంది, ఎదురింటి క్రైస్తవ ఆంటీ ప్రార్థన చేస్తానని, అంతవరకూ ఆగకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్లమనీ చెప్పింది. ఆవిడ మాటే మేలనిపించింది. వెళ్లేలోగా నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, బావ ఎప్పుడు ఆగాడో, ఎన్ని సెకన్లో, చెయ్యి ఏం చేసిందో నోటుబుక్కులో రాయడం మొదలెట్టాను. "మీ తమ్ముడేటే, నన్ను సీఐడీలాగ సూత్తన్నాడు?" అని బావ అక్కతో పోట్లాడాడు.

చివరికి అక్క ఒకపూట అన్నం మానేసి బెదిరిస్తే కదిలాడు. ఏమవుతుందని డాక్టరు గారు అడిగితే "ఏటీ అవదు సార్" అన్నాడు. పాపం, అబద్ధం కాదు, అతనికి ఏమీ గుర్తుండదు మరి. ఆయన నా వైపు తిరిగి, చూసినవాడివి నువ్వు కదా, చేసి చూపించు అన్నారు. కాలనీ నాటకాల్లో వేషాలు కట్టినవాణ్ణి, ఊరుకుంటానా? కళ్లు నిలిపి, నోరు చప్పరించి, గుండీ పీకుతూ లీనమైపోయాను. అప్పుడే లోపలికొచ్చిన నర్సమ్మ కెవ్వుమని, నన్ను రెక్క పట్టి బల్లమీద పడుకోబెట్టేసింది. నాకేం లేదమ్మా అంటే, అందరూ అలాగే అంటారని గదమాయించింది.

డాక్టరు గారు నవ్వాపుకోలేకపోయారు. బావ మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ మెల్లిగా "నాను... ఇలాగ సేత్తన్నానా?" అన్నాడు. "మరి క్రేను మీద?" అని తనే అడిగాడు.

ఇదీ మూర్ఛలో ఒక రకమేనని, పడిపోయి కొట్టుకుంటేనే మూర్ఛ కాదని ఆయన వివరించారు. తలకి తీగలు పెట్టి పరీక్ష చేసి, మాత్రలు రాసి, తగ్గిందని సొంతంగా మానొద్దన్నారు. క్రేను, స్కూటరు, సముద్ర స్నానం వద్దన్నారు. ఎప్పుడైనా పడిపోతే నోట్లో ఏదీ పెట్టకుండా పక్కకి తిప్పమని, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తమని నాకు ప్రత్యేకంగా అప్పజెప్పారు.

హార్బరువాళ్లు బావని స్టోర్సుకి మార్చారు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అక్క ద్వారానే కబురు. ఆకాశంలోంచి దించి మేకులు లెక్కపెట్టే పనిలో కూర్చోబెట్టానని కోపం. ఆ కోపం న్యాయమైందే. మాత్రలు పనిచేసి ఆ అర నిమిషాలు పూర్తిగా ఆగిపోయాక ఒకరోజు తనే నా గ్లాసులో టీ పోసి, "సూసుకో, ఒలకలేదు" అన్నాడు. నష్టపోయింది కూడా బావే. ఆ తరవాత పలక్కపోతే అది అచ్చంగా పొగరేనని అక్కకి తెలిసిపోయేది.

ఇప్పుడు అంతా సులువు. ఫోనులో వీడియో తీసి డాక్టరుకి చూపిస్తే చాలు, నాలా వేషం కట్టక్కర్లేదు. మంచిదే. కానీ రాత్రి మధురవాడ ఫ్లాటులో అన్నాల దగ్గర కూర్చుని చూస్తే, మా ఇంట్లో నలుగురూ తలో ఫోనూ పట్టుకుని, కళ్లు నిలిపి, పిలిచినా పలకకుండా ఉంటారు. వీళ్లలో ఎవరైనా నిజంగానే ఒక అర నిమిషం మాయమైపోతే, మాకెవరికి తెలుస్తుంది?