ఖాజా కాక క్యాసెట్లు

బొగ్గుల పొయ్యి రాజేసినప్పుడు లేచే ఘాటైన పొగ మా కాలనీలో ఇప్పుడు అరుదు. నిన్న సాయంత్రం వెనక వీధిలో ఎవరో రాజేసినట్టున్నారు. కిటికీ మూయబోయి ఆగిపోయాను. చాలా ఏళ్ల కింద ఖాజా కాక నా బల్ల మీద గుమ్మరించిన క్యాసెట్లన్నీ అదే వాసన వేసేవి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గోదావరిఖని బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పాటలు సీడీల్లోకి ఎక్కించేదాన్ని. ఖాజా కాక గని దీపాల గదిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కిందికి దిగే ప్రతి కార్మికుడికీ టోపీ దీపం ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం ఆయన డ్యూటీ. సెలవు రోజుల్లో టేపురికార్డరు పట్టుకుని క్వార్టర్లన్నీ తిరిగేవాడట. ఏ ఊరి నుంచి వచ్చారు, మొదటిసారి గనిలోకి దిగినప్పుడు ఏమనిపించింది అని అడిగి, కార్మికుల మాటలు రికార్డు చేసేవాడట. అలా పోగైన రెండు సంచుల క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించమని తెచ్చాడు.

కంప్యూటర్‌కు మాటా పాటా ఒకటే. పాడినవారెవరు, ఆల్బం ఏమిటి అని గళ్లు చూపించేది. మొదటి గడిలో మాట్లాడిన మనిషి పేరు, రెండో గడిలో గని పేరు రాయమన్నాడు కాక. అట్ట మీద రాసిన పేరు చెరిగిపోయినవి నలభై దాకా తేలాయి. వాటిని ‘పేరు తెలియనివి’ అనే ఫోల్డర్లో వేసి, అంకెలు ఇచ్చి పని ముగించాను.

కాక ఆ అంకెల వరుస మీద పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశాడు. “ఏంది బిడ్డా గిది?” అన్నాడు.

“పేరు లేదు కద కాకా. ఏం రాయాలె?”

“మొత్తం విన్నవా?”

మొదటి నిమిషం విన్నానన్నాను. ఆయన కోప్పడలేదు. తీరిక దొరికినప్పుడు వినమని చెప్పి వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే, ముసలివాళ్ల ముచ్చట్లు గంటల తరబడి వినే ఓపిక నాకు లేదు.

నెల తర్వాత లక్ష్మక్క అనే ఆమె వచ్చింది. ఆమె భర్త మల్లయ్య గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. “ఖాజన్న మా ఇంటికొచ్చి ఆయన మాటలు టేపుల పట్టిండు చెల్లె. నేను కడుపుతోని ఉన్నప్పుడే ఆయన పోయిండు. ఇప్పుడు బిడ్డకు పదిహేనేండ్లు. బాపు గొంతు ఎట్లుంటదే అని అడుగుతది.”

మల్లయ్య పేరుతో వెతికాను. ఏమీ రాలేదు. నేను అంకెలు వేసి వదిలేసిన వాటిలోనే ఆయన ఉన్నాడని అర్థమైంది. ఆమె ముందు తలెత్తలేకపోయాను.

మరునాటి నుంచి కాక పొద్దున్నే వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒక్కో ఫైలూ చివరిదాకా విన్నాం. మాటల మధ్య భార్యో తమ్ముడో పిలిస్తే పేరు దొరికేది. మూడో రోజు నేను విసుగు దాచుకోలేకపోయాను. కాక నా వైపు చూడకుండానే అన్నాడు: “ఏ దీపం ఎవలు తీస్కపోతుండ్రో రాస్కోకుండ ఒక్కనాడు ఇయ్యలే బిడ్డా. మల్లయ్య దీపం గా రోజు వాపస్ రాలే. గూట్ల జాగ ఖాళీగున్నది. అందరికన్న ముందు తెలిసింది నాకే.”

ఆ తర్వాత నేను విసుక్కోలేదు. ఐదో రోజు ఒక టేపు చివర బయటి నుంచి ఎవరిదో కేక వినిపించింది: “మల్లన్నా, జల్ది రా, బస్సొచ్చింది!” వెంటనే నవ్వుతూ ఒక గొంతు, “వస్తున్న, ఆగు!” అంది. కాక కళ్లు మూసుకున్నాడు. “గాయనే,” అన్నాడు.

లక్ష్మక్క కూతుర్ని తీసుకొచ్చింది. స్పీకర్లో పెట్టాను. మల్లయ్య తన ఊరి గురించి, మొదటి షిఫ్టులో పుట్టిన భయం గురించి గబగబా చెప్పుకుపోతున్నాడు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల్లి వైపు తిరిగి, “బాపు గింత జల్ది జల్ది మాట్లాడుతుండెనా?” అంది.

“అవునే,” అంది లక్ష్మక్క. “అచ్చం నీ లెక్కనే.”

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ముందటి వేసవిలో కాక పోయాడు. నేనిప్పుడు చూపు లేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చోట, ఆ ఫైళ్లను వరుసలో పెట్టే పని చేస్తున్నాను. నా పని నెమ్మది అంటారు. చివరిదాకా వినకుండా దేనికీ పేరు పెట్టలేను మరి. కాక టేపుల్లో ఆరింటికి ఇంకా పేర్లు దొరకలేదు. ఆదివారాలు ఒక్కొక్కటీ పెట్టుకుని మళ్లీ వింటుంటాను.